పాత ఎస్9 మైనర్లు: బాగుచేయండి, రోజంతా మాత్రం తిప్పకండి

ప్రశ్న: సార్, మాది గుంటూరు, కొరిటెపాడు. ట్రిపుల్ ఈ డిప్లొమా చేసి ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటున్నాను. విజయవాడలో ఒకాయన బిట్‌కాయిన్ మైనింగ్ (మెషిన్లతో లెక్కలు చేయించి బిట్‌కాయిన్ సంపాదించడం) మానేసి సామాను అమ్మేస్తుంటే రెండు యాంట్‌మైనర్ ఎస్9 మైనింగ్ మెషిన్లు దాదాపు పాత ఇనుము ధరకే తెచ్చుకున్నాను. ఒకదాంట్లో మూడు బోర్డులకు రెండే కనబడుతున్నాయి. రెండోది బాగానే మొదలై అరగంటకల్లా ఆగిపోతోంది. సోల్డరింగ్ వచ్చు, మంచి మల్టీమీటర్ ఉంది. వీటిని నేనే బాగుచేసి నడపాలని కోరిక. నాన్న మాత్రం "ఆ రొదేంటి, ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు" అని రోజూ గొడవ. మా మామయ్యకు తెనాలి దగ్గర పొలంలో బోరు ఉంది. వ్యవసాయ కరెంటు ఉచితం కదా, ఆ షెడ్డులో పెడదామా అని ఆలోచిస్తున్నాను. మీరేమంటారు? – పేరు వద్దు, గుంటూరు

సమాధానం: ముందు మామయ్యగారి పొలం సంగతి తేల్చేద్దాం. అక్కడ పెట్టొద్దు. ఆ ఉచిత కరెంటు పంపుసెట్టు కోసం ఇస్తున్నది. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్కగట్టి వసూలు చేయొచ్చు. 135వ సెక్షన్ ప్రకారం దొంగతనం కేసు కూడా కావొచ్చు. కనెక్షన్ మామయ్య పేరు మీద ఉంది కాబట్టి నోటీసు అందుకునేదీ, ఆఫీసు చుట్టూ తిరిగేదీ ఆయనే. పైగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద చుట్టుపక్కల రైతుల మోటార్లన్నీ ఉంటాయి. త్రీ ఫేజ్ కరెంటు రాగానే అన్నీ ఒకేసారి స్టార్ట్ అవుతాయి, వోల్టేజీ పడిపోతుంది. అవి ఆగినప్పుడు మళ్లీ లేస్తుంది. ఏళ్ల తరబడి వాడేసిన పవర్ సప్లై ఆ దెబ్బలకు ఎక్కువ రోజులు నిలబడదు. రైతు తడి పెట్టుకోవడానికి ఇచ్చిన కరెంటుతో మనం సరదా తీర్చుకోవడం నాకైతే అసలే నచ్చదు.

ఇక నాన్నగారి మాట. కోపంగా అడిగినా ఆయన సరైన ప్రశ్నే అడిగారు. దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఎస్9 2016లో వచ్చిన మెషిన్. మూడు బోర్డులూ పనిచేస్తే సెకనుకు 13.5 టెరాహాష్‌లు (ఒక టెరాహాష్ అంటే లక్ష కోట్ల లెక్కలు) ఇస్తుంది, దాదాపు 1,350 వాట్లు లాగుతుంది. 24 గంటలూ తిప్పితే రోజుకు 32 యూనిట్లు, నెలకు 970. మీ ఇంట్లో ఇప్పటికే నెలకు 200 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. వాటి మీద ఇవి వచ్చి పడతాయి. 2022 నుంచి ఉన్న గృహ శ్లాబుల ప్రకారం 225 దాటాక యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటాక 9.75. అంటే మైనర్ తినే యూనిట్లలో ఎక్కువ భాగం పైశ్లాబులోనే పడతాయి. సర్దుబాటు ఛార్జీలు కలపకముందే ఒక్క మెషిన్‌కు 9 వేలు దాటుతుంది.

వచ్చేదెంత? 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనర్ల బహుమతి సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాకుకు, అంటే లావాదేవీల కట్టకు, దక్కేది 3.125 బిట్‌కాయిన్లే. రోజుకు సుమారు 144 బ్లాకులు కాబట్టి ప్రపంచంలోని మైనర్లందరికీ కలిపి రోజుకు 450. నెట్‌వర్క్ మొత్తం బలం 2025లో 100 కోట్ల టెరాహాష్‌ల స్థాయికి చేరింది. అందులో మీవి 13.5. పూల్‌లో (కలిసి మైనింగ్ చేసి వచ్చింది పంచుకునే బృందంలో) చేరి తిప్పితే రోజుకు 600 సతోషీల దగ్గర వస్తాయి. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలు అనుకున్నా నెలకు 1,500 కూడా రాదు. ధర రెట్టింపైనా 3 వేలే. ఎస్21 లాంటి కొత్త మెషిన్ ఒక్కో టెరాహాష్‌కు 17.5 వాట్లతో సరిపెట్టుకుంటుంది, మీది దాదాపు 100 వాట్లు తింటుంది. ఆ తేడాను ఏ రిపేరూ పూడ్చలేదు. సోలోగా తిప్పితే మొత్తం బ్లాకు మనకే తగలొచ్చు కదా అని కొందరు ఆశపెడతారు. ఒక్క ఎస్9కు ఆ అవకాశం సగటున 1,400 ఏళ్లకు ఒకసారి.

కాబట్టి డబ్బు మాట ఇక్కడితో వదిలేయండి. చలి దేశాల్లో కొందరు ఈ పాత మెషిన్లను చలికాలం గది వేడి చేసుకోవడానికి వాడతారు. మన రోహిణి కార్తెకు ఆ అవసరం లేదు.

అయినా వీటిని అమ్మేయమని నేను చెప్పను. సోల్డరింగ్ వచ్చి, బోర్డు మీద ఆసక్తి ఉన్నవాడికి ఎస్9 కన్నా మంచి పాఠం దొరకడం కష్టం. ఒకే రకం చిప్పులు 63 ఉన్న బోర్డులు మూడు, అవన్నీ ఒకే పద్ధతిలో కలిపి ఉంటాయి. చెడిపోయినా ఎవరికీ నష్టం లేని ధర. మీ దగ్గర రెండు మెషిన్లు ఉండటం ఇంకా అదృష్టం. ఆరు బోర్డులు, రెండు పవర్ సప్లైలు, నాలుగు ఫ్యాన్లు ఉన్నాయి కాబట్టి అనుమానం వచ్చిన ప్రతి భాగాన్నీ బాగున్న దానితో మార్చి చూడొచ్చు. ఒక్క మెషిన్ ఉన్నవాడు ఊహతో చేసే పని మీరు రుజువుతో చేస్తారు.

మొదటి మెషిన్ నుంచి మొదలుపెట్టండి. కంట్రోల్ బోర్డు మీద జే6, జే7, జే8 అని మూడు రిబ్బన్ సాకెట్లుంటాయి. బ్రౌజర్‌లో తెరిచే మెషిన్ స్టేటస్ పేజీలో ఏ నంబరు కనబడటం లేదో రాసుకోండి. మెషిన్ ఆపి, ప్లగ్ పీకేసి, కనబడని బోర్డు రిబ్బన్‌ను బాగున్న బోర్డు సాకెట్లోకి, దానిది ఇందులోకి మార్చి మళ్లీ ఆన్ చేయండి. ఇప్పుడు వేరే నంబరు మాయమైతే తప్పు బోర్డుదో, దానితో వెళ్లిన రిబ్బన్‌దో. పాత నంబరే మాయమైతే తప్పు కంట్రోల్ బోర్డు సాకెట్‌ది. తర్వాత రిబ్బన్ ఒక్కటీ మార్చి చూస్తే అదీ తేలిపోతుంది. బోర్డు పోయిందనుకున్న కేసు చివరకు రిబ్బన్ లూజ్ కాంటాక్ట్‌గా తేలడం మామూలే. మన కోస్తా తేమకు ఆ పిన్నుల మీద నల్లటి పొర పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ గట్టిగా నొక్కండి.

అప్పటికీ రాకపోతే బోర్డు బయటికి తీయాలి. ఫ్యాను విప్పితే బోర్డులు అల్యూమినియం గాడుల్లోంచి జారి వస్తాయి. తీసే ముందు మెషిన్‌ను చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా వంచి వినండి. లోపల గలగలమంటే ఏదో హీట్‌సింక్ ఊడి ఉంది. దాన్ని అలాగే వదిలేసి ఆన్ చేస్తే పక్క చిప్పుల మధ్య పడి షార్ట్ చేస్తుంది. విజయవాడ నుంచి గుంటూరు దాకా బండి మీద వచ్చిన మెషిన్ కాబట్టి ఈ పరీక్ష రెండింటికీ చేయండి.

బోర్డు ఎలా పనిచేస్తుందో ఒకసారి మనసులో పెట్టుకుంటే వెతకడం తేలిక. 63 చిప్పులూ మూడేసి చొప్పున 21 గుంపులు. ఈ గుంపులు పెళ్లి పందిరికి వేసే సీరియల్ బల్బుల్లా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. బోర్డుకు అందే సుమారు 9 వోల్టులు 21 గుంపులూ పంచుకుంటాయి కాబట్టి ఒక్కోదానికి 0.4 వోల్ట్ పైచిలుకు వస్తుంది. ఒక గుంపులో చిప్పు షార్ట్ అయితే అక్కడ సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. క్లాక్, రీసెట్, కమాండ్ సిగ్నళ్లు మొదటి చిప్పు నుంచి 63వ దాకా చేయి మారుతూ వెళతాయి. జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. మధ్యలో ఒక్క చిప్పు ఆగినా గొలుసు తెగిపోతుంది. అందుకే లాగ్‌లో (మెషిన్ తన పని రాసుకునే చిట్టాలో) 63 బదులు తక్కువ అంకె, ఒక్కోసారి సున్నా కనబడుతుంది. సున్నా చూసి బోర్డంతా పోయిందని బెంగపడకండి. తప్పు చాలాసార్లు ఒకే చోట ఉంటుంది.

కరెంటు ఇవ్వకుండానే సగం పని చేయొచ్చు. ఒక కాగితం మీద 1 నుంచి 21 దాకా అంకెలు వేసి పక్కన రెండు గళ్లు గీయండి. మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, బాగున్న బోర్డు మీద ఒక్కో గుంపు రీడింగ్ మొదటి గడిలో, అనుమానం ఉన్న బోర్డు రీడింగ్ రెండో గడిలో రాయండి. 20 చోట్ల రెండూ దగ్గరదగ్గరగా ఉండి ఒక్కచోట తేడా కొడితే మీ పని అక్కడే. ఏ రీడింగ్ ఎంత ఉండాలో పుస్తకంలో వెతకనక్కర్లేదు, పక్కనున్న మంచి బోర్డే చెబుతుంది.

కాగితం మీద తేడా ఏమీ దొరక్కపోతే అప్పుడు కరెంటు ఇచ్చి సిగ్నళ్లు చూడాలి. ఇక్కడ కొత్తవాళ్లందరూ తికమకపడే విషయం ఒకటుంది. గుంపులన్నీ సీరీస్‌లో ఉన్నాయి కాబట్టి ఒక్కో గుంపు గ్రౌండ్ ఒక్కో ఎత్తులో ఉంటుంది. నల్ల ప్రోబ్‌ను బోర్డు మూలన ఉన్న నెగెటివ్‌కు పెట్టి కొలిస్తే అన్నీ తప్పుగానే కనబడతాయి. ఏ చిప్పు దగ్గర కొలుస్తున్నారో ఆ గుంపు గ్రౌండ్ మీదే నల్ల ప్రోబ్ పెట్టాలి. అప్పుడు రీసెట్ లైన్ 1.8 వోల్ట్ దగ్గర, క్లాక్ మీటర్‌లో 0.9 దగ్గర కనబడాలి. మొదటి చిప్పు నుంచి వరసగా కొలుచుకుంటూ పోకండి. తిన్నగా మధ్యకు వెళ్లండి. అక్కడ సిగ్నల్ ఉంటే తప్పు రెండో సగంలో, లేకపోతే మొదటి సగంలో. మళ్లీ ఆ సగంలో మధ్యకు వెళ్లండి. ఐదారుసార్లకు చిప్పు దొరికిపోతుంది. కొలిచేటప్పుడు బోర్డు మీదకు ఫ్యాను గాలి తగలాలి, లేకపోతే నిమిషాల్లో మాడిపోతుంది. ప్రోబ్ మొన సన్నగా ఉండాలి. అది జారి రెండు కాళ్లకు కలిపి తగిలితే అప్పటిదాకా బాగున్న చిప్పూ పోతుంది.

చిప్పు మార్చడానికి మాత్రం తొందరపడొద్దు. ముందు ఆ చిప్పు చుట్టూ ఫ్లక్స్ వేసి మళ్లీ వేడి చేసి చూడండి, టంకం పగిలి ఉంటే దానితోనే అతుక్కోవచ్చు. మార్చక తప్పదంటే ఒక విషయం గుర్తుంచుకోండి. ఈ బోర్డుల్లో రాగి మందంగా ఉంటుంది, పైనుంచి ఇచ్చిన వేడినంతా అదే లాగేసుకుంటుంది. సెల్‌ఫోన్ రిపేరు చేసే హాట్ ఎయిర్ ఒక్కటే చాలదు, కింది నుంచి వేడి చేసే ప్రీహీటర్ కావాలి. అది లేకుండా పై వేడి పెంచుకుంటూ పోతే చిప్పుతో పాటు ప్యాడ్ లేచిపోతుంది, ఇక ఆ బోర్డు మీద ఆశ వదులుకోవాలి. పూర్తిగా చచ్చిన బోర్డు ఒకటి సంపాదించి దాని మీద చిప్పులు తీయడం, పెట్టడం చేయి తిరిగేదాకా ప్రాక్టీస్ చేయండి. అందులోంచి తీసిన మంచి బీఎం1387 చిప్పులే మీకు స్పేర్లు. ఫ్లక్స్, సోల్డర్ పేస్ట్, ఆల్కహాల్ లాంటివి విజయవాడ గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి.

రెండో మెషిన్ అరగంటకు ఆగుతోందంటే నాకు ముందు దుమ్ము మీదే అనుమానం. గుంటూరులో ఇది మామూలు దుమ్ము కాదు. మిర్చి సీజన్‌లో గాలిలో ఏముంటుందో తుమ్మే ప్రతివాడికీ తెలుసు, దానికి పత్తి నూగు తోడు. గాలి లోపలికి వెళ్లే వైపు హీట్‌సింక్ రెక్కల మధ్య చూడండి, ఎర్రటి మందపాటి పొర గుడ్డలా పరుచుకుని ఉంటుంది. మాస్కు పెట్టుకుని డాబా మీదకు తీసుకెళ్లి, గాలి బయటకొచ్చే వైపు నుంచి బ్లోయర్ కొట్టండి. అప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. బ్లోయర్ గాలికి ఫ్యాను తిరిగితే అది కరెంటు పుట్టించి కంట్రోల్ బోర్డులోకి తోస్తుంది.

శుభ్రం చేశాక కూడా ఆగితే, ఆగిన వెంటనే లాగ్‌లో చివరి వరసలు కాపీ చేసుకోండి. ఫ్యాను స్పీడ్ దొరకలేదని ఉంటే ఫ్యాను మార్చండి. ఈ మెషిన్ ఒక్క ఫ్యాను వేగం తెలియకపోయినా తనంతట తానే ఆగిపోతుంది. లాగ్‌లో ఏమీ లేకుండా టక్కున ఆరిపోతే పవర్ సప్లైని అనుమానించాలి. మొదటి మెషిన్ సప్లై దీనికి పెట్టి గంట తిప్పితే తెలిసిపోతుంది. లోడ్ మీద ఉండగా కనెక్టర్ దగ్గర వోల్టేజీ 12 దగ్గర మొదలై వేడెక్కేకొద్దీ దిగిపోతుంటే లోపల కెపాసిటర్లు అలసిపోయినట్టే. సప్లైని మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. బోర్డు రిపేరులో పొరపాటు జరిగితే బోర్డు పోతుంది, ఇక్కడ జరిగితే మనిషే పోతాడు.

కనెక్టర్ల మాట కూడా గట్టిగానే చెబుతాను. 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ వైపు 100 ఆంపియర్లు దాటి పారుతుంది. ఒక్కో బోర్డుకు మూడు, కంట్రోల్ బోర్డుకు ఒకటి, మొత్తం 10 సిక్స్ పిన్ కనెక్టర్లు. ఒక్కటి లూజైనా మిగతావాటి మీద భారం పడి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. అలా రంగు మారినదాన్ని రుద్ది వాడకండి, కొత్తది వేయండి. ఒకే బోర్డుకు రెండు వేర్వేరు సప్లైల నుంచి వైర్లు ఎప్పుడూ కలపొద్దు. గోడ దగ్గర ఎర్త్ సరిగ్గా ఉన్న 16 ఆంప్స్ పవర్ ప్లగ్, దానికి విడిగా ఎంసీబీ ఉండాలి. జంక్షన్ బాక్స్ మీద పెట్టొద్దు, ఇంటి ఇన్వర్టర్ మీద అసలే పెట్టొద్దు. మనిషి ఇంట్లో లేనప్పుడు, అందరూ నిద్రపోయాక తిప్పొద్దు.

సెకండ్ హ్యాండ్ మెషిన్ కాబట్టి లోపలి సాఫ్ట్‌వేర్‌నూ నమ్మకండి. 2017లో యాంట్‌మైనర్ ఫర్మ్‌వేర్‌లోనే దూరం నుంచి మెషిన్ ఆపగలిగే దారి ఒకటి బయటపడింది, యాంట్‌బ్లీడ్ అని దానికి పేరు. 2019లో ఎస్9లకు సోకే వైరస్ వార్తల్లోకి వచ్చింది. పాత యజమాని పూల్ అడ్రస్ అలాగే ఉండిపోతే మీ కరెంటుతో ఆయనకు సతోషీలు పోతాయి. ఎస్డీ కార్డు నుంచి ఫర్మ్‌వేర్ మొత్తం కొత్తగా ఎక్కించి, రూట్ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. బ్రెయిన్స్ ఓఎస్ అనే వేరే ఫర్మ్‌వేర్ వేసుకుంటే పవర్‌కు హద్దు పెట్టుకోవచ్చు. 1,350 వాట్ల మెషిన్‌ను 700, 800 వాట్లకు దించితే ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. రొద పోదు కానీ పక్కింటివాళ్లు తలుపు తట్టేంత ఉండదు. చిప్పులకూ కనెక్టర్లకూ ఆయుష్షు పెరుగుతుంది. రిపేరు చేసిన బోర్డును ఫుల్ స్పీడ్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక నడపడం. ఆదివారం 4 గంటలు, 700 వాట్ల మీద. వారానికి 2.8 యూనిట్లు, నెలకు 12 దగ్గర, బిల్లులో మహా అయితే నూట పాతిక రూపాయలు. ఎలక్ట్రికల్ షాపులో చిన్న సబ్‌మీటర్ కొని ఆ ప్లగ్‌కు బిగించండి. నెలాఖరున ఆ యూనిట్ల డబ్బు, అడక్కముందే, పైశ్లాబు రేటు ప్రకారం నాన్నగారి చేతిలో పెట్టండి. ఆయన భయం సగం రొద గురించి, సగం ఎంత కాలుతోందో కంటికి కనబడక. మీటర్ కనబడితే రెండోది పోతుంది. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంత ఉందో కూడా ఒకసారి చూసుకోండి. ఏసీ నడుస్తుండగా మైనర్ కూడా పెడితే అది దాటొచ్చు. ఉగాది నుంచి వానలు పడేదాకా మెషిన్ తిప్పడం మానేసి, ఆ నెలల్లో బల్ల మీద బోర్డు పని చేసుకోండి. 45 డిగ్రీల గాలితో ఫ్యాను ఎంత తిరిగినా చిప్పులు సరిగ్గా చల్లబడవు.

వచ్చే నాలుగు సతోషీలను ఎప్పుడైనా అమ్మితే 30 శాతం పన్ను, ఆపైన సెస్సు ఉంటాయని తెలుసుకోండి. కరెంటు ఖర్చును అందులోంచి తీసేయనివ్వరు. పూల్ నుంచి వచ్చిన ప్రతి జమా తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఇంకోటి, మీ ఇంట్లో మైనర్లున్నాయని తెలిస్తే "మేమూ డబ్బు పెడతాం, నెలనెలా ఇంత ఇవ్వు" అనేవాళ్లు వస్తారు. బంధువులైనా సరే తీసుకోకండి. పై లెక్క చూశారుగా, ఇవ్వడానికి అందులో ఏమీ లేదు.

ఈ ఆదివారం రిబ్బన్ మార్చి చూసి, ఏ నంబరు మాయమైందో రాయండి. బోర్డుదే తప్పని తేలితే రెండు గళ్ల కాగితం, బోర్డు ముందూ వెనకా తీసిన ఫొటోలు పంపండి. ఏ గుంపు దగ్గర ఆగాలో కలిసి చూద్దాం.